సూక్ష్మరుణాలపై 2010 నాటి ఆర్డినెన్సు: రుణ మార్కెట్లో ప్రభుత్వ జోక్యం ఎంతవరకు సమంజసం?

చర్చాంశం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలపై, అంటే పేద మహిళలకు గ్రూపుల ద్వారా చిన్న అప్పులిచ్చే సంస్థలపై, నమోదు, వడ్డీ, వసూళ్ళ విషయంలో షరతులు పెడుతూ ఆర్డినెన్సు తెచ్చి, ఆ తరువాత దానిని చట్టంగా మార్చింది. ఆ జోక్యం అప్పు తీసుకున్న మహిళలను కాపాడిందా, లేక వారికి అప్పు పుట్టే దారిని మూసివేసిందా? సభ్యులు కారణాలతో సహా రాయగలరు.

విశ్రాంత బ్యాంకు అధికారి

ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను, అమలైన తీరును మాత్రం సమర్థించలేను. అంతవరకు నూటికి 99 దాకా వసూలైన కిస్తీలు కొద్ది నెలల్లోనే పది శాతం స్థాయికి పడిపోయాయి. కట్టలేనివారే కాక కట్టగలిగినవారు కూడా మానేశారు. కట్టనక్కర లేదని రాజకీయ పక్షాలు బహిరంగంగానే చెప్పాయి. అప్పట్లో దేశంలోని సూక్ష్మరుణాల్లో పావు వంతుకు పైగా మన రాష్ట్రంలోనే ఉండటంతో, బ్యాంకులు ఈ సంస్థలకు నిధులివ్వడానికి దేశమంతటా వెనుకాడాయి. ఇక్కడి వివాదంతో ఏ సంబంధమూ లేని బీహార్, ఒడిశా మహిళలకు సైతం అప్పు దొరకడం కష్టమైంది. సంస్థలు వెళ్ళిపోయిన చోట వడ్డీ వ్యాపారి మిగిలాడు. 2015లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ (అధిక వడ్డీకి అప్పిచ్చి బెదిరించి వసూలు చేసే వ్యాపారం) దారుణాలకు ఈ చట్టమే కారణమని అనను, ఆ వ్యాపారం అంతకుముందూ ఉన్నదే. కానీ చట్టబద్ధమైన అప్పు కరువైన చోట అటువంటివారికి గిరాకీ పెరుగుతుంది.

పొదుపు సంఘాలతో పనిచేసిన సభ్యురాలు

బ్యాంకు అధికారి గారు చెప్పిన ఆ 99 శాతం ఎలా సాధ్యమయ్యేదో కూడా చెప్పుకోవాలి. అప్పు తీసుకున్నవారంతా ఒకచోట చేరి కిస్తీలు కట్టే సెంటర్ మీటింగు వారానికోసారి జరిగేది. గ్రూపులో ఒకామె కిస్తీ తేలేకపోతే, ఆ డబ్బు జమయ్యేదాకా మిగతావారిని లేవనిచ్చేవారు కాదు. కూలి పోతున్నదన్న కోపమంతా సంస్థ మీదకు కాక ఆమె మీదకే మళ్ళేది. ఆమె పరువు పోతుందన్న భయంతో మరో సంస్థ దగ్గర అప్పు చేసి ఈ కిస్తీ కట్టేది. కాగితం మీద అది వసూలే, కానీ ఆ ఇంట్లో అప్పు రెండింతలయ్యేది.

వడ్డీ సంగతి చూడండి. పదివేల అప్పుకు 15 శాతం ఫ్లాట్ వడ్డీ (మొదట ఇచ్చిన మొత్తం అసలు మీదే చివరిదాకా లెక్కించేది) అని చెప్పి, యాభై వారాల పాటు వారానికి 230 రూపాయలు కట్టించుకుంటే, అసలు వారం వారం తగ్గుతూ ఉంటుంది గనుక నిజానికి పడే వడ్డీ ఏడాదికి దాదాపు 29 శాతం. ఈ లెక్క అప్పు తీసుకునేవారికి ఎవరూ విప్పి చెప్పలేదు. అదే 2010లో సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ తన షేరును 985 రూపాయలకు పబ్లిక్ ఇష్యూలో అమ్మితే, కావలసిన దానికి పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వసూళ్ళ వేగమే షేరు ధరకు ఆధారమైనప్పుడు, వసూలు చేసే పద్ధతిపై సంస్థ తనంతట తాను అదుపు పెట్టుకుంటుందని నేను నమ్మను. రిజర్వు బ్యాంకు అప్పటికి ఈ సంస్థల మూలధనాన్ని చూస్తున్నదే గాని, అప్పు తీసుకున్నామె గుమ్మం దగ్గర ఏం జరుగుతున్నదో చూడలేదు. రాష్ట్రం కల్పించుకోవలసి వచ్చింది అందుకే.

అయితే ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. సంస్థలను నమోదు చేసే అధికారం డీఆర్‌డీఏ (ప్రభుత్వ జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు డైరెక్టరుకు ఇచ్చారు. పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే బాధ్యత కూడా ఆ కార్యాలయానిదే, అంటే పోటీలో ఉన్న ఒక పక్షానికే రెండో పక్షంపై తీర్పరితనం అప్పగించారు. వసూలు ఇంటి దగ్గర కాక పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో జరగాలని, వడ్డీ అసలును మించరాదని పెట్టిన నిబంధనలను మాత్రం నేటికీ సమర్థిస్తాను.

విశ్రాంత బ్యాంకు అధికారి

డీఆర్‌డీఏ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. నా వాదన ఏమిటంటే, ఇదే పని రిజర్వు బ్యాంకు మార్కెట్టును కూల్చకుండా చేయగలిగింది. సూక్ష్మరుణాలపై తాను వేసిన మాలెగాం కమిటీ నివేదిక వచ్చాక 2011లో వడ్డీకి 26 శాతం పరిమితి విధించింది. 2022లో దానిని తీసివేసి, ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండరాదన్న నియమం తెచ్చింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు కూడా ఇచ్చింది.

పొదుపు సంఘాలతో పనిచేసిన సభ్యురాలు

ఆ 2022 ఆదేశాల్లోనే మరో నియమం ఉంది: ఇద్దరూ అనుకున్న చోటికి అప్పు తీసుకున్నవారు వరుసగా రెండుసార్లు రాకపోతేనే సిబ్బంది ఇంటికి వెళ్ళాలి. 2010లో రాష్ట్రం పెట్టిన షరతుకు అది సడలించిన రూపమే. అప్పుడు ఇక్కడ అంత గొడవ జరగకపోయి ఉంటే ఆ వాక్యం రిజర్వు బ్యాంకు పుస్తకంలోకి ఎక్కేదని నేను అనుకోను. ఇప్పుడు మిగిలిన ప్రశ్న తనిఖీది. ఇంటి ఆదాయాన్ని లెక్కగట్టేది అప్పు ఇచ్చే సంస్థ సిబ్బందే, ఆ అంకె ఎంత పెరిగితే అంత పెద్ద అప్పు ఇవ్వడానికి వీలు కలిగేది కూడా వారికే. ఆ ఆదాయపు కాగితాన్ని ఊరి స్థాయిలో సరిచూసే అధికారం సంస్థతో గాని, పొదుపు సంఘాలతో గాని సంబంధం లేని ఒకరికి ఇవ్వాలని నేను కోరుతున్నాను. దీనికి మీ అభ్యంతరం ఏమిటో రాయండి.