నిక్కోలో సాయంత్రం వేడిగా, చేప తగలని భోజనం ఎక్కడ?

జనవరి చివర్లో టోక్యో నుంచి ఒక్కరోజు నిక్కో వెళ్తున్నాం. అక్కడి అసకుస స్టేషన్‌లో తోబు కంపెనీ రైలెక్కి, సాయంత్రం ఆరు దాటాక తిరుగు ప్రయాణం. వెంట అత్తగారు, ఐదేళ్ల పాప. అత్తగారు గుడ్డు, చేప, మాంసం ముట్టరు. పాలు, ఉల్లి, వెల్లుల్లి పర్వాలేదు.

మధ్యాహ్నానికి ఇబ్బంది లేదు. సూప్ జార్‌లో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి, పారబోసి, పొగలు కక్కే సాంబారన్నం నింపుకుంటే తినేదాకా వేడిగానే ఉంటుంది. చిక్కంతా రాత్రికే. సోనా మసూరి పులిహోర ఆ చలికి గట్టిపడి పలుకులైపోతోంది.

కొందామంటే, కోంబినీల్లో (అక్కడి చిన్న సరుకుల దుకాణాలు) ఉమే ఒనిగిరి, అంటే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద, లేబుల్ మీద తరచూ కత్సువో అనే చేప సారం కనిపిస్తోంది. ఇనారి (వేయించిన టోఫు సంచిలో కూరిన అన్నం) పైపొరను మామూలుగా దాషిలోనే, అంటే ఎక్కువగా చేపతో కాచే రసంలోనే ఉడికిస్తారు. హోటల్లో "నికు నషి" (మాంసం వద్దు) అని చెబితే మాంసం ముక్కలు తీసేస్తారు, ఉడాన్ (లావు గోధుమ నూడుల్స్) రసం మాత్రం చేపదే. నిక్కోలో పేరున్న యుబా సోయాపాల మీద కట్టే మీగడే, కానీ దాన్ని దేనిలో వండారన్నదే అసలు సంగతి. అలర్జీ పట్టికను నమ్ముకోలేం: రొయ్య, పీత, గోధుమ, గుడ్డు, పాలు చూపిస్తారు గానీ కత్సువో ఆ జాబితాలోనే లేదు. లేబుల్ మీద గెన్‌జైర్యో (వాడిన పదార్థాలు) వరుస మొత్తం చదవాల్సిందే.

కాల్చిన చిలగడదుంప, అరటిపండు దొరికినా పెద్దావిడకు అది భోజనం కాదు.

తోబు నిక్కో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సాయంత్రం ఐదింటికి తెరిచి ఉండి, కొంబు (సముద్రపు నాచు) దాషితోనో అసలు దాషి లేకుండానో వేడి భోజనం పెట్టే చోటు మీలో ఎవరైనా స్వయంగా తిని చూసింది ఏది?