పోటీకి పంపే ముందు: ఇత్తడి చెంబు, బత్తాయిల ఫోటో మీద మొహమాటం లేని మాట కావాలె

బత్తాయి_తోట (నల్గొండ):
అన్నలూ, స్టిల్ లైఫ్ విభాగానికి పంపుదామనుకుంటున్న ఫోటో కింద పెట్టిన. పుట్టపాక తేలియా రుమాలు (ఇక్కత్ నేత గుడ్డ) పరిచి, మీద ఇత్తడి చెంబు, రెండు నిండు బత్తాయిలు, కోసిన చెక్క ఒకటి. ఎడమ దిక్కు ఉత్తరం కిటికీ, గదిల ట్యూబ్‌లైటు కూడ వెలుగుతున్నది. క్రాప్ సెన్సార్ కెమెరా, 50 ఎంఎం లెన్సు, ఎఫ్/2.8, 1/60, ఐఎస్‌ఓ 800, స్టాండు లేదు. వాట్సాప్ గ్రూపుల అందరు 'సూపర్' అన్నరు, దాంతోని పని కాదు. మార్కులు యాడ పోతయో చెప్పుండ్రి.

పాలమూరు_లెన్సు:
తమ్మీ, ఫోటోల హీరో ఎవరు? చెంబే అయితే నా కన్ను దాని మీదికి పోలే. రుమాలు మీద ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళున్నయి, ఫ్రేముల అంతకన్న గట్టి కాంట్రాస్టు ఇంకోటి లేదు. చూపు అక్కడికే పోతది. ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. చెంబు, బత్తాయి రెండూ ఒకటే బూడిద రంగుల కలిసిపోతయి, గళ్ళు మాత్రం అరుస్తయి.

ఇంకోటి. ఇక్కత్‌ల నూలుకే ముందు రంగులద్ది తర్వాత నేస్తరు, అందుకే డిజైను అంచులు చెదిరినట్టే ఉంటయి. ఆ నేత తెల్వని జడ్జి దాన్ని ఫోకస్ తప్పిందనుకుంటడు. పక్కన చెంబు మూతి అంచు కత్తిలెక్క పదునుగ ఉంటే ఆ అనుమానం రాదు. నీ ఫోటోల ఫోకస్ ముందు బత్తాయి మీద పడ్డది, చెంబు మూతి, కోసిన చెక్క రెండూ మసక.

దేవరకొండ_క్లిక్:
ఎఫ్/2.8 అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచినట్టు, ఇంత దగ్గరి నుంచి తీస్తే ఒక్కచోటే పదును వస్తుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8కి పోవాలి, ఎఫ్/11 అయినా సరే. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల మొత్తం కొంచెం మెత్తబడుతుంది. అదే వెలుతురులో ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 పెడితే షట్టర్ ఒక సెకను దాకా తెరిచి ఉండాల్సి వస్తుంది. కాబట్టి ట్రైపాడ్, 2 సెకన్ల టైమరు తప్పవు. ఫ్యాను కట్టేయండి, సెకను ఎక్స్‌పోజర్‌లో రుమాలు కుచ్చు కదిలినా తెలిసిపోతుంది.

ట్యూబ్‌లైటు కూడా ఆపాలి. చెంబు కుడివైపు ఆకుపచ్చగా మురికి పట్టినట్టు కనిపిస్తున్నది దాని వల్లే. రెండు రకాల వెలుతురు కలిస్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేటట్టు చేసే సెట్టింగు) ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు చెడుతుంది. కిటికీ వెలుతురు ఒక్కటే ఉంచి, చెంబు ఉన్నచోట తెల్ల ఏ4 కాగితం పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి.

చెంబు పొట్ట మీద మీరూ, కెమెరా కనబడుతున్నారు. మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కొందామనుకుంటే ఆగండి, వట్టి లోహం మీద మెరుపును అది పెద్దగా తగ్గించదు. కిటికీకి పలుచని తెల్ల పంచె కట్టండి, చెంబు మీద వెలుతురు ఎక్కువై కాలినట్టున్న ఆ చిన్న తెల్లమచ్చ వెడల్పయి మెత్తబడుతుంది. కుడివైపు నీడ తగ్గడానికి తెల్ల థర్మాకోల్ పలక పెట్టండి. కెమెరా ముందు నల్లగుడ్డకు లెన్సు పట్టేంత రంధ్రం చేసి దాని వెనక నిలబడండి. చెంబును చింతపండుతో మరీ తళతళలాడేటట్టు తోమకండి, పాత ఇత్తడి రంగే బత్తాయి పక్కన నిలుస్తుంది.

బత్తాయి_తోట:
అంటే రుమాలు తీసేయమంటరా? అదే కదా మన ఊరి గుర్తు. గళ్ళు తగ్గేటట్టు ఫోటో అంచులు క్రాప్ చేస్తే సరిపోదా?

పాలమూరు_లెన్సు:
క్రాప్ వద్దు. గళ్ళు తగ్గినా మసక పోదు, మళ్ళ తియ్యాల్సిందే. రుమాలు తీయకు, మడిచి ఒక మూల మాత్రం చెంబు కింది నుంచి బయటికి రానియ్యి, మిగతాది సాదా ముదురు గుడ్డ. బత్తాయి ఆఖర్ల కొయ్యి. కోసిన కాసేపటికే తొనల తడి ఆరి మెరుపు పోతది. కోసిన ముఖం కిటికీ దిక్కు వాలితేనే లోపలి రసం వెలుగుతది.

గద్వాల్_అంచు:
దేవరకొండ అన్న చెప్పినవన్నీ సరే, థర్మాకోల్ మాత్రం నాకు నచ్చదు. కుడివైపు నీడంతా పోతే చెంబు గుండ్రదనం పోతుంది. నేనయితే పలకను రెండడుగులు వెనక్కి జరుపుతాను.

అభిప్రాయం అడిగే తీరు కూడా మార్చండి. 'ఎట్లుంది' అంటే ఎవరైనా 'బాగుంది' అనే అంటారు. ఫోటో ఐదు సెకన్లు చూపించి తీసేయండి, తర్వాత 'ముందు ఏం కనబడింది? ఏం గుర్తుంది?' అని రెండే అడగండి. చెంబు, బత్తాయి ఎవరివో, ఎట్ల తీసారో ముందే చెప్పకండి, జడ్జికి ఆ కథ తెలియదు. కెమెరా పట్టని మనిషినీ ఒకరిని అడగండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే ఫైలు నలిగి నేత గీతలు కలిసిపోతాయి, మీరు అడిగేది వేరే ఫోటో గురించి అవుతుంది.

పంపేటప్పుడు రూల్స్‌లో చెప్పిన పిక్సెల్ కొలతకు తగ్గించాకే షార్పెన్ చేయండి. సన్నని నేత మీద మోయిరే గీతలు (నేతలో లేని అలల్లాంటి చారలు) పుడతాయి, 100 శాతం జూమ్‌లో చూసుకోండి. కలర్ ప్రొఫైల్ (ఫైలులో రంగులు రాసుకునే పద్ధతి) ఎస్‌ఆర్‌జీబీ. అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే చాలా స్క్రీన్ల మీద బత్తాయి పసుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.