డిజైన్ పనికీ గేములకీ ఒకే పీసీ: 16 జీబీ కార్డా, 12 జీబీదా?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో పార్టులు కొనాలి. పని ఫోటోషాప్, బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్), ఆటలు 1440పీ రిజల్యూషన్‌లో. రైజెన్ 7 7700 ప్రాసెసర్, బి650 మదర్‌బోర్డు, 650 వాట్ల పవర్ సప్లై ఖాయం.

తేలనిది గ్రాఫిక్స్ కార్డే. ఆర్‌టీఎక్స్ 4060 టీఐలో 16 జీబీది ఉంది గానీ మెమరీ బస్సు (డేటా నడిచే దారి) 128 బిట్లే. 4070 గేముల్లో బాగా ముందుంటుంది, మెమరీ మాత్రం 12 జీబీ. బ్లెండర్ సీను అది దాటితే రెండరింగ్ నత్తనడక, లేదంటే మధ్యలోనే ఆగిపోతుంది. బరువైన టెక్స్చర్లు వాడేవాళ్లకు 12 సరిపోతోందా?

ర్యామ్ 16 జీబీవి నాలుగు పెట్టమంటున్నారు షాపుల్లో (స్టాకు వదిలించుకోడానికేమో!). ఏఎం5లో (ఈ ప్రాసెసర్ సాకెట్) నాలుగు స్టిక్కులైతే డీడీఆర్5 వేగం 3600కి పడిపోవచ్చు. అందుకే 32 జీబీవి రెండే, వేగం 6000, లేటెన్సీ సీఎల్30. జీఎస్టీ బిల్లుతో, సీలు తీయని కిట్ ఆ రోడ్డులో ఎక్కడ దొరుకుతుందండీ?