బొమ్మలో నాలుగే కార్బన్‌లు వరుసగా ఉంటే పెంటేన్ ఎలా అయింది?

ప్రశ్న:
కర్బన రసాయన శాస్త్రం ఇప్పుడే మొదలుపెట్టాను. మిథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ దాకా ఇబ్బంది లేదు. శాఖలు వచ్చేసరికే టెన్షన్. నాలుగు కార్బన్‌లు అడ్డంగా గీసి, ఎడమ నుంచి రెండోదాని పైన రెండు కార్బన్‌ల శాఖ ఇచ్చారు. నా లెక్క ప్రకారం 2-ఇథైల్‌బ్యూటేన్. పుస్తకంలో మాత్రం 3-మిథైల్‌పెంటేన్ అని ఉంది. ఎందుకు?

జవాబు:
అడ్డంగా గీసినదే అసలు గొలుసు అనుకోకండి, అన్నిటికంటే పొడవైనదే అసలు గొలుసు. పెన్సిల్‌ని శాఖ చివరి కార్బన్ మీద పెట్టండి. కిందికి దిగితే శాఖలో రెండు, దాన్ని మోస్తున్న కార్బన్ మూడోది. అక్కడ కుడికి తిరగండి, ఇంకో రెండు. పెన్సిల్ ఎత్తకుండా, వెనక్కి రాకుండా మొత్తం ఐదు కార్బన్‌లు వచ్చాయి. కాబట్టి పెంటేన్. ఎడమవైపు మిగిలిన ఒక్క కార్బనే మిథైల్. అది సరిగ్గా మధ్య కార్బన్ మీద ఉంది కనుక ఎటునుంచి లెక్కపెట్టినా 3.

ఏకబంధం చుట్టూ అణువు తిరగగలదు. ఆ మలుపు కాగితం మీద గీతదే, అణువుది కాదు. వలయం లేని ఆల్కేన్ (అన్నీ ఏకబంధాలే ఉన్న కార్బన్-హైడ్రోజన్ సమ్మేళనం) పేరులో 1-మిథైల్ గానీ 2-ఇథైల్ గానీ వచ్చిందంటే ఇంకా పొడవైన గొలుసు ఉందన్నమాట, మళ్లీ వెతకండి.

ఇంత పట్టుదల అవసరమే. హెక్సేన్ సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, అవే ఆరు కార్బన్‌లు, పద్నాలుగు హైడ్రోజన్‌లు ఉన్న మీ 3-మిథైల్‌పెంటేన్ 63 దగ్గరే మరుగుతుంది, అంటే రెండూ వేర్వేరు పదార్థాలు. 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమై ఇలా పేర్లు పెట్టే పద్ధతికి పునాది వేశారు. పేరు చూసి ఎవరు గీసినా అదే అణువు రావాలి.

ప్రశ్న అడిగినవారు:
పెన్సిల్‌తో చేసి చూశాను, ఐదు వచ్చాయి! మరి ద్విబంధం ఉంటే? ఐదు కార్బన్‌ల గొలుసు, ఎడమ నుంచి రెండోదాని మీద మిథైల్, మూడు-నాలుగు మధ్య ద్విబంధం. చిన్న అంకె దేనికి?

జవాబు:
ద్విబంధానికే. కుడి నుంచి లెక్కపెడితే 4-మిథైల్‌పెంట్-2-ఈన్. కొన్ని పుస్తకాల్లో 4-మిథైల్-2-పెంటీన్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

ఇంకొకరు:
రెండు రకాల శాఖలుంటే ఇంగ్లిష్ అక్షర క్రమం చూడండి. ఇథైల్ ముందు, మిథైల్ తర్వాత: 3-ఇథైల్-2-మిథైల్‌పెంటేన్. డై, ట్రై లాంటివి ఆ క్రమంలో లెక్కలోకి రావు.