అన్నయ్య ఒట్టు వేయించుకున్న విషయం వదినకు ఎలా చెప్పాలి?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. సైన్యంలో 22 ఏళ్లు పనిచేసి నిరుడు హవల్దారుగా విరమణ పొందిన మా అన్నయ్య, మూడు నెలలుగా రాత్రి రెండింటికే లేచి, అరుగు మీద కూర్చుని, ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా పాత బూట్లకు పాలిష్ పెడుతున్నారు. రెండు వారాల కిందట "నేను లేకపోయినా మీ వదినకు పింఛను వస్తుందిలే" అన్నారు. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగితే, అప్పుడప్పుడు అనిపిస్తోందని ఒప్పుకున్నారు గాని, వదినకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

ఆయనను ఒప్పించి లైసెన్సు తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించాము. మాజీ సైనికుల పాలిక్లినిక్‌కు రెండుసార్లు తీసుకువెళ్లగా, నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పి మాత్రలు రాయించుకున్నారు. వాటిని నా దగ్గరే ఉంచుకుని రోజుకొకటి ఇస్తున్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు నేనే ఫోన్ చేస్తే (తెలుగులోనే మాట్లాడారు, అదొక ఊరట), ఇంట్లోవారిని కలుపుకోమన్నారు. ఆయన మాత్రం ఆ నంబరుకు మాట్లాడనంటున్నారు.

నేనుండేది పక్క వీధిలో. రాత్రిళ్లు ఆయన పక్కన ఉండేది వదినే కనుక, ఆమెకు తెలియకుండా దాచడం ఇక సాగదు. ఇటువంటి స్థితిని దాటిన సైనిక కుటుంబాలవారు చెప్పగలరు: ఒట్టు తప్పానని అన్నయ్య నాతోనూ మాటలు మానేయకుండా, వదినకు ఈ విషయం ఏ విధంగా తెలియజేయాలి?