సైటు ఇంజినీర్లను ఎలా అడగాలి?

ప్రశ్న (డిప్లొమా సివిల్, ఆఖరి సంవత్సరం): మా సీనియర్లు కొందరు సైట్లలో చేస్తున్నారు. "ఏమైనా చెప్పండన్నా" అంటే ఎవరూ పలకడం లేదు. ఎలా అడగాలి?

సైటు ఇంజినీర్: తమ్ముడూ, "ఏమైనా" అంటే ఎక్కడ మొదలుపెడతాం? ఒక్క సంగతి పట్టుకో. "ట్రాన్సిట్ మిక్సర్ (ప్లాంటు నుంచి కాంక్రీటు తెచ్చే లారీ) వచ్చింది, మేస్త్రీ నీళ్లు కలపమంటున్నాడు, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగితే పని మధ్యలోనైనా జవాబిస్తా. ముందు చలానాలో బ్యాచింగ్ టైము (ప్లాంటులో కాంక్రీటు కలిపిన సమయం) చూస్తా, తర్వాత స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత). కాంక్రీటు బిగుసుకుంటుంటే ప్లాంటు వాళ్లతో మాట్లాడి, జారుదనం పెంచే రసాయన అడ్‌మిక్చర్‌తో సరిచేయిస్తా. నీళ్లు మాత్రం పోయనివ్వను. పోస్తే పని సులువవుతుంది గానీ బలం పడిపోతుంది. అదే కాంక్రీటుతో పోసిన 150 మి.మీ. క్యూబులు 28వ రోజున బలం పరీక్షలో ఫెయిలైతే, అప్పటికే పైన ఇంకో స్లాబు పడి ఉంటుంది. ఇది మీకు పరీక్షలో రాదు, కానీ తెలియాల్సింది ఇదే.

క్వాలిటీ ల్యాబ్ ఉద్యోగిని: క్యూబుల 7 రోజుల బలం రీడింగు కూడా అడుగు బాబూ. మామూలు మిక్స్‌లో 28 రోజుల బలంలో దాదాపు మూడింట రెండొంతులు వస్తుంది. తక్కువొస్తే అప్పుడే మేలుకుంటాం.

ప్రశ్న అడిగినతను: మా వీధిలో రేపు స్లాబు వేస్తున్నారన్నా. చూసొచ్చి అడుగుతా.

సైటు ఇంజినీర్: వెళ్లు. మేస్త్రీ గారినీ అడుగు, వైబ్రేటర్ (కాంక్రీటులో గాలి పోయేలా కుదిపే యంత్రం) ఎంతసేపు పెడతారో.