ఫ్లెక్సీల మీద పిల్లల ఫొటోలు, ప్యాకేజీలు: కాలేజీలు చేసేది తప్పా, మనకి అవసరమా?

బెజవాడ_బాబాయ్:
ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, విజయవాడ నుంచి గుంటూరు దాకా రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెక్సీలే. పైన యూనివర్సిటీ పేరు, కింద బ్లేజర్ వేసుకున్న పిల్లాడు, వాడి ఛాతీకి అడ్డంగా ‘44 లక్షలు’, అంటే ఏడాదికి వాడికొచ్చే జీతం ప్యాకేజీ. పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, బ్రాంచి ఏదో కూడా రాయరు. ఏం చదివాడు, ఏ ప్రాజెక్టు చేశాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఇవేవీ అక్కర్లేదు. సంతలో ఎడ్ల కొమ్ములకి రంగేసి ధర చెప్పినట్టుంది. బ్రోచర్ తెరిస్తే ఇంకో నాటకం: పిల్లలంతా పచ్చగడ్డి మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని నవ్వుతుంటారు, అదీ మన ఎండల్లో! అందరూ ‘రేపటి లీడర్లు’, ‘గ్లోబల్ ఇన్నోవేటర్లు’. బ్యాక్‌లాగులున్నవాడు, తెలుగు మీడియంలో చదివొచ్చి మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషుతో కుస్తీ పట్టేవాడు ఒక్కడూ కనిపించడు. చదువుకునే మనిషిగా విద్యార్థిని చూపించిన ప్రకటన ఎవరైనా చూశారా?

పల్నాడు_కుర్రాడు:
బాబాయ్, మీకు ఎగతాళిగానే ఉంటుంది. మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చింది నేనే మొదలు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే మనిషి ‘ఉద్యోగం వస్తుందా, ఎంతొస్తుంది’ అని కాక ఇంకేం అడుగుతాడు? మా నాన్నకి ల్యాబులు చూపిస్తే అర్థమవుతాయా? మా పక్క ఊరి పిల్లాడి ఫొటో ఫ్లెక్సీ మీద చూశాకే నన్ను చేర్పించాడు. ఆ ఫొటో లేకపోతే నేను ఊళ్లోనే డిగ్రీ చదివేవాణ్ణి. ప్యాకేజీ గురించి మాట్లాడటం చిన్నతనం అనేవాళ్ల ఇళ్లలో సాధారణంగా ఆల్రెడీ ఒక జీతం ఉంటుంది.

సిరి_ఈసీఈ:
ఫ్లెక్సీ మీద ఎక్కినదాన్ని నేనున్నాను కాబట్టి చెప్తున్నా. కాలేజీ పేరు చెప్పను. ఆఫర్ వచ్చాక ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు పిలిచి ఫొటో తీశారు. బ్లేజర్ ఒక్కటే ఉంది, వరసగా అందరికీ అదే తొడిగారు, నాకు వదులైతే వెనకాల పిన్నులు పెట్టి బిగించారు. ఎక్కడ వాడతారో చెప్పలేదు, సంతకమూ అడగలేదు. వేసిన అంకెలో జాయినింగ్ బోనస్, నాలుగేళ్లలో విడతలుగా వచ్చే షేర్లు, పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిసిపోయాయి. నెలకి చేతికొచ్చేది వేరే లెక్క. ఆ సంగతి బంధువులకి ఎవరు చెప్తారు? మా బాబాయి వరసాయన ఇల్లు కడుతూ మమ్మల్ని డబ్బు సర్దమన్నాడు. పైగా కంపెనీ జాయినింగ్ డేట్ నెలల తరబడి వాయిదా వేసింది. నేను ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బస్టాండ్ దగ్గర నా ఫొటో మాత్రం డ్యూటీ చేస్తూనే ఉంది.

పల్నాడు_కుర్రాడు:
అక్కా, మీకు జరిగింది అన్యాయమే, అందులో మాట లేదు. కానీ అది అంకె తప్పుగా వేయడం. అసలు అంకే వేయొద్దనడం వేరు కదా.

లా_పాయింట్:
అనుమతి సంగతికి వస్తే, 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కోచింగ్ సెంటర్లకి రూల్స్ పెట్టింది. ర్యాంకర్ ఫొటో వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, అదీ సెలెక్ట్ అయ్యాకే తీసుకోవాలి. ఏ కోర్సు చేశాడు, ఎన్నాళ్లు చేశాడు, డబ్బు కట్టి చేశాడా లేదా అన్నది చెప్పాలి. ఇవి కోచింగ్ సెంటర్లకే, డిగ్రీలిచ్చే యూనివర్సిటీలకి కాదు. అసలు యూనివర్సిటీలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయా అనే కేసునే సుప్రీంకోర్టు 2020లో విచారణకి తీసుకుంది.

అడ్మిషన్స్_మాజీ:
రెండు సీజన్లు ఒక కాలేజీ అడ్మిషన్ సెల్‌లో పనిచేశాను. మాకు నేర్పింది ఇదీ: తండ్రితో ప్లేస్‌మెంట్లు మాట్లాడు, తల్లితో హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో మాట్లాడు, పిల్లలకి ఫెస్ట్ వీడియో చూపించు. ఫ్లెక్సీ ఎవరికోసమో కూడా అర్థం చేసుకోండి. అఫిలియేటెడ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అవి ర్యాంకుని బట్టి నిండుతాయి. కాలేజీ చెమటోడ్చి అమ్ముకోవాల్సింది మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లే. ఆ పెద్ద ప్యాకేజీ పిల్లాడు చాలాసార్లు మంచి ర్యాంకుతో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద వచ్చినవాడే, కోడింగ్ కూడా రాత్రుళ్లు యూట్యూబ్ చూసి సొంతంగా నేర్చుకున్నవాడు. వాడి మొహం చూపించి మేనేజ్‌మెంట్ సీటు ఇంకొకరి తండ్రికి అంటగడతారు. ఇంకో కిటుకు: ‘1200 ఆఫర్లు’ అని వేస్తారు, అంటే 1200 మంది అని కాదు. ఒక్కడికే మూడొస్తే మూడూ లెక్కే.

బెజవాడ_బాబాయ్:
అదే నా గొడవ. పల్నాడు తమ్ముడూ, జీతం అడగొద్దని నేను అనలేదు, ఒక్కడి జీతం చూపించి మిగతావాళ్లని మాయం చేయొద్దంటున్నా. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల కోసం కాలేజీలు పంపే పట్టికలో ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం ఎంత, అన్నీ ఉంటాయి. అంటే ఉద్యోగాలొచ్చినవాళ్లని జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యనున్నవాడికి ఎంత అని. ఉద్యోగం రానివాళ్లు ఆ వరసలో ఉండరు, అది గుర్తుపెట్టుకో. దాన్నేమో వెబ్‌సైట్లో ఓ మూల పీడీఎఫ్‌లో పెడతారు, 44 లక్షలేమో నలభై అడుగుల ఫ్లెక్సీ మీద! పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ ఏళ్లుగా మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది, ఎక్కువమంది చేరేదీ వాటిలోనే. ఆ పిల్లాడి మొహం ఫ్లెక్సీ మీద ఎందుకుండదు?

పల్నాడు_కుర్రాడు:
ఎందుకంటే అది వేసిన కాలేజీకి ఎవరూ రారు, పక్క కాలేజీవాడు 44 వేసుకుని సీట్లు నింపుకుంటాడు. ఎవడో ఒక్కడు ముందు నిజం చెప్పాలంటే అయ్యే పని కాదు బాబాయ్. అందరికీ ఒకేసారి రూల్ పెట్టి, పెద్ద అంకె పక్కనే అదే సైజులో మధ్య అంకె కూడా వేయమనండి, నేనే మొదట సంతకం పెడతా. ఫొటోలు తీసేయమంటే మాత్రం పెట్టను. మా ఊళ్లో ఇంకా చాలామంది నాన్నలున్నారు.

సిరి_ఈసీఈ:
అంకె సంగతి సరే. ఫొటో ఉంచాలా తీసేయాలా అన్నది మాత్రం అందులో ఉన్నవాళ్లని అడగండి తమ్ముడూ, ఊళ్లో నాన్నల్ని కాదు.